ఆఫీసు హ్యాకథాన్‌కి టీమ్‌ని తయారుచేయడం: అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఈ పద్నాలుగేళ్లలో ఆఫీసు హ్యాకథాన్లను మూడు వైపుల నుంచీ చూశాను. హ్యాకథాన్ అంటే ఒకటి రెండు రోజుల్లో టీమ్‌గా ఒక టూల్ కట్టి, జడ్జిలకు డెమో చూపించే పోటీ. మొదట పోటీలో దిగాను, తర్వాత టీమ్‌లకు మెంటర్‌గా ఉన్నాను, ఈమధ్య జడ్జిగా కూర్చుంటున్నాను. మంచి పనిమంతులున్న టీమ్ చూపించడానికి ఏమీ లేకుండా స్టేజీ ఎక్కితే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. వాళ్లకు తెలివి తక్కువై అలా జరగదు. ముందు రెండు వారాల్లో చేసుకోవాల్సిన పని చేసుకోకపోవడం వల్ల జరుగుతుంది. ఆ పనికి అడ్డొచ్చే అపోహలివి.

అపోహ: ఐడియా ఎవరూ చూడనంత పెద్దదిగా ఉండాలి.

వాస్తవం: ఐడియా కన్నా ముందు ఒక మనిషిని వెతకండి. ఆ మనిషి రోజూ పడే ఇబ్బంది ఏమిటో కళ్లారా చూడండి.

ఒక ఏడాది మా దగ్గర ఒక టీమ్ కంపెనీ మొత్తానికి పనికొచ్చే ఏఐ అసిస్టెంట్ చేస్తామని దిగింది. ఇంకో టీమ్ ముందు వారమే ఫైనాన్స్ విభాగంలో పనిచేసే ఒక అక్క పక్కన గంటసేపు కూర్చుంది. వెండర్లు పంపే బిల్లుల్లోని ఆర్డర్ నంబర్లను ఆమె ఒక్కొక్కటిగా ఎక్సెల్‌లో వెతికి సరిచూస్తోంది. ఒక్కో బిల్లుకి ఎన్ని క్లిక్కులు పడుతున్నాయో, ఎక్కడ కళ్లు నులుముకుంటోందో రాసుకున్నారు. ఆ ఒక్క పని చేసే టూల్ కట్టారు. మొదటి టీమ్ దగ్గర చివరికి స్లైడ్లు మిగిలాయి. రెండో టీమ్ జడ్జిల ముందు నిజంగా ఒక బిల్లు అప్‌లోడ్ చేసి చూపించి మూడో బహుమతి తెచ్చుకుంది.

పెద్ద కంపెనీల్లోనూ ఇదే కనిపిస్తుంది. 2014లో మైక్రోసాఫ్ట్ ఉద్యోగుల హ్యాకథాన్‌లో ఒక టీమ్, ఏఎల్ఎస్ వ్యాధితో కదల్లేని స్థితిలో ఉన్న అమెరికన్ ఫుట్‌బాల్ మాజీ ఆటగాడు స్టీవ్ గ్లీసన్ కోసం పనిచేసింది. కంటిచూపుతో చక్రాల కుర్చీ నడిపే పద్ధతి తయారుచేసి గెలిచింది. కంటితో కంప్యూటర్ నడిపే సౌకర్యం తర్వాత విండోస్ 10లోకి వచ్చింది. ఆ టీమ్ మొదలుపెట్టింది ఒక్క మనిషి అవసరంతోనే.

అపోహ: ముందే సిద్ధపడటం చీటింగ్.

వాస్తవం: చాలా చోట్ల రూల్స్ వద్దనేది ముందే కోడ్ రాయడాన్ని. సమస్య ఎంచుకోవడం, వాడేవాళ్లతో మాట్లాడటం, కంప్యూటర్లు సిద్ధం చేసుకోవడం సాధారణంగా ఎవరూ వద్దనరు. అనుమానం ఉంటే నిర్వాహకుల్ని అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోండి.

నాకు బాగా గుర్తున్న దెబ్బ ఇక్కడే తగిలింది. మా మొదటి హ్యాకథాన్‌లో ఒక డేటాబేస్‌కి యాక్సెస్ కావాల్సి వచ్చింది. టికెట్ (సిస్టమ్‌లో రాసి పెట్టే అభ్యర్థన) పెట్టాం. అప్రూవ్ చేయాల్సిన ఆయన ఆ శనివారం ఊళ్లో లేరు. 24 గంటల్లో ఆరు గంటలు చేతులు కట్టుకుని కూర్చున్నాం. అప్పటినుంచి నా టీమ్‌లకు ఒకటే చెబుతున్నాను: పోటీకి పది రోజుల ముందు యాక్సెస్‌ల జాబితా రాసి, ఆ వారమే టికెట్లన్నీ పెట్టేయండి. వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే సురక్షిత దారి) పనిచేస్తోందా, ఏపీఐ కీలు (వేరే సాఫ్ట్‌వేర్‌ని వాడుకోవడానికి ఇచ్చే కోడ్‌లు) వచ్చాయా, ఆఫీసు ఫైర్‌వాల్ ఏవి ఆపుతోంది, టెస్ట్ సర్వర్‌లో ఖాళీ పేజీ ఒకటి డెప్లాయ్ అవుతోందా (పెడితే తెరుచుకుంటోందా), ఇవన్నీ ఒక్కొక్కరి లాప్‌టాప్‌లో విడివిడిగా చూడాలి. ఒకరి దగ్గర పనిచేసింది పక్కవాళ్ల దగ్గర పనిచేయదు.

డేటా విషయంలో మరీ జాగ్రత్త. తొందరలో కస్టమర్ల అసలు వివరాలు తెచ్చి డెమోలో పెట్టే టీమ్‌లను చూశాను. మన దేశంలో వ్యక్తిగత డేటా పరిరక్షణకు 2023లో ప్రత్యేక చట్టమే చేశారు. అది పక్కన పెట్టినా, మనల్ని నమ్మి ఇచ్చిన ఫోన్ నంబర్లను స్క్రీన్ మీద అందరికీ చూపించడం తప్పు. వంద వరుసల ఉత్తుత్తి డేటాని ముందే తయారుచేసి పెట్టుకోండి.

ఇంకొకటి, రిహార్సల్. ఒక మధ్యాహ్నం మూడు గంటలు కూర్చుని, పోటీకి సంబంధం లేని చిన్న సమస్య ఒకటి తీసుకుని, మొదటి నుంచి డెమో దాకా చేయండి. ఎవరు కోడ్ కలపడంలో ఆలస్యం చేస్తారు, ఎవరు ఒక్కరే ఒక మూల కూర్చుని గంటలు గడిపేస్తారు, ఆ మూడు గంటల్లోనే తెలిసిపోతుంది.

అపోహ: రాత్రంతా మేల్కొన్నవాళ్లే గెలుస్తారు.

వాస్తవం: 24 గంటలు నిద్ర లేకపోతే మనిషి పనితీరు ఎంత పడిపోతుందో ఆస్ట్రేలియా పరిశోధకులు 1997లో కొలిచారు. రక్తంలో ఆల్కహాల్ సుమారు 0.10 శాతం ఉన్నప్పటి స్థాయికి దిగజారింది. మన దగ్గర డ్రంక్ అండ్ డ్రైవ్‌లో అనుమతించే పరిమితి 0.03 శాతం. అలాంటి స్థితిలో తెల్లవారుజామున నాలుగింటికి డేటాబేస్ మార్చకూడదు. ఇద్దరిద్దరుగా వంతులు వేసుకుని కనీసం నాలుగైదు గంటలు పడుకోండి. డెమో ఇచ్చేవాళ్లని అందరికన్నా ముందు నిద్రకు పంపండి.

అపోహ: అందరూ సీనియర్ డెవలపర్లైతే తిరుగుండదు.

వాస్తవం: నలుగురైదుగురిలో ఒకరికి సమస్య లోతుగా తెలియాలి, వాళ్లు సపోర్ట్ నుంచి వచ్చినా ఆపరేషన్స్ నుంచి వచ్చినా సరే. ఒక టెస్టర్ ఉంటే ఇంకా మంచిది. ఎవరైనా కొత్త ఫీచర్ అన్నప్పుడు "ఇప్పుడొద్దు" అనగలిగే మనిషి ఒకరు తప్పనిసరి.

అపోహ: ఏఐ టూల్స్ కోడ్ రాసేస్తాయి, ఇక ప్రిపరేషన్ దేనికి?

వాస్తవం: కోడ్ రాసే సమయం తగ్గిన మాట నిజమే. ఏది కట్టాలో తేల్చుకోవడం, ముక్కలన్నీ కలిపి నడిపించడం మీ పనే. కంపెనీ కోడ్‌ని ఏ టూల్‌కి ఇవ్వొచ్చో ముందే కనుక్కోండి.

అపోహ: డెమో ఇంగ్లిష్ బాగా మాట్లాడేవాళ్లే ఇవ్వాలి.

వాస్తవం: ఇది నేను గట్టిగా వ్యతిరేకించే మాట. మన పిల్లల్లో చాలామంది తెలుగు మీడియంలో చదువుకుని వచ్చారు. పని మొత్తం వాళ్లు చేసి, మైకు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ప్రశ్న రాగానే ఆ ఇంకొకరు నీళ్లు నములుతారు. ఒకసారి మా టీమ్‌లో ఒక అమ్మాయి "అన్నా, నావల్ల కాదు, మధ్యలో ఆగిపోతా" అంది. ఆ మూడు నిమిషాల్ని ఎనిమిది చిన్న వాక్యాలుగా తనే రాసుకుంది. పదిసార్లు మా ముందు చెప్పింది. స్టేజీ మీద ఒక చోట ఆగింది, మళ్లీ అందుకుంది. జడ్జిలు అడిగిన ప్రతిదానికీ సూటిగా జవాబు చెప్పింది, ఎందుకంటే కట్టింది తనే.

డెమో పనిని చివరికి వదిలేయకండి. మొదటి గంటలోనే "ఇది ఫలానావాళ్లకు, ఫలానా ఇబ్బంది తీరుస్తుంది" అని ఒక వాక్యం రాసి గోడకు అంటించండి. ఆ వాక్యానికి సాయపడని ఫీచర్ పక్కన పెట్టేయండి. గడువుకి మూడు గంటల ముందు కొత్త కోడ్ ఆపేయాలి. నెట్ పోతే చూపించడానికి వీడియో రికార్డ్ చేసి ఉంచుకోవాలి. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు లాప్‌టాప్ నడపాలి. నోటిఫికేషన్లు ఆపి, అక్షరాలు పెద్దవి చేయండి. ఏదైనా భాగం ఇంకా నిజంగా పనిచేయకపోతే ఆ మాట మీరే ముందు చెప్పండి. అడిగాక బయటపడితే మిగతాదాని మీద కూడా నమ్మకం పోతుంది.

అపోహ: మేనేజర్ పోటీకి తన టీమ్ నుంచి కొందరి పేర్లు ఇస్తే చాలు.

వాస్తవం: పోటీ జరిగే ఆ రెండు రోజులు వాళ్లని ఆన్‌కాల్ (ఎప్పుడు సమస్య వచ్చినా అందుకోవాల్సిన డ్యూటీ) నుంచి తప్పించాలి, ఆ వారం రిలీజ్ (కొత్త వెర్షన్ విడుదల) ఉంటే వాయిదా వేయాలి. శని, ఆదివారాల్లో పెడితే బదులు సెలవు ఇప్పించాలి. పోటీ మధ్యలో ప్రొడక్షన్ టికెట్ (వాడుకలో ఉన్న సిస్టమ్‌లో సమస్య అన్న ఫిర్యాదు) వచ్చిందంటే ఆ టీమ్ టెన్షన్‌తోనే అలిసిపోతుంది.

అపోహ: బహుమతి రాకపోతే శ్రమంతా వృథా.

వాస్తవం: ఫేస్‌బుక్ లైక్ బటన్‌ తొలి నమూనా 2007లో ఒక హ్యాకథాన్‌లో తయారైంది. జనం ముందుకు వచ్చింది 2009 ఫిబ్రవరిలో. మధ్యలో ఎవరో దాన్ని వదలకుండా పట్టుకుని ఉండాలి కదా. అందుకే పోటీ అయిన మర్నాడే ఒక పేజీ రాయించండి: ఏం పనిచేస్తుంది, ఏం పనిచేయదు, నడిపించడానికి ఎవరు కావాలి. బిల్లుల టూల్ చేసిన టీమ్ ఆ పేజీ రాసి ఫైనాన్స్ మేనేజర్‌కి ఇచ్చింది. నాలుగు నెలలకు అది వాడుకలోకి వచ్చింది. మొన్న ఆ అక్క ఇంకో రెండు రకాల బిల్లుల నమూనాలు పంపి, వీటిని కూడా చదివించగలరా అని అడిగింది. టీమ్‌లో ఇద్దరు ఇప్పుడు ఆ పని మీదే ఉన్నారు.