అమెజాన్ స్వోర్డ్‌కు ఎరువు: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఇళ్లకు, హోటళ్లకు మొక్కలున్న అక్వేరియంలు పెట్టి, నెలనెలా వెళ్లి చూసుకోవడం నా పని. నేను ఎక్కువగా వేసేది అమెజాన్ స్వోర్డ్. ట్యాంకు మధ్యలో ఒక్క మొక్క ఉన్నా నిండుగా కనిపిస్తుంది. ఫోన్లు ఎక్కువగా వచ్చేదీ దాని గురించే. "అన్నా, స్వోర్డ్ పసుపు తిరిగిపోతోంది, ఏ బాటిల్ కొనమంటావు?" అని అడుగుతారు. "పసుపైంది పాత ఆకా, కొత్త ఆకా?" అని నేను అడుగుతాను. చాలామంది అప్పుడే లేచి ట్యాంకు దగ్గరికి వెళ్లి చూస్తారు.

ఇది దక్షిణ అమెరికా మొక్క, ఎకినోడోరస్ జాతి. బాగా కుదురుకుంటే అడుగున్నర ఎత్తు, దాదాపు అంతే వెడల్పు అవుతుంది. మూడడుగుల ట్యాంకుకు ఒకటి చాలు. అంత ఒళ్లున్న మొక్క తిండి కూడా అంతే తింటుంది. ఆ తిండి ఎక్కడ పెట్టాలి, ఏది పెట్టాలి అన్న దగ్గరే అపోహలన్నీ.

అపోహ: చేపల వ్యర్థాలే ఎరువు, వేరే ఏమీ అక్కర్లేదు.

సగం నిజం. చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియాను బ్యాక్టీరియా నైట్రేట్‌గా మారుస్తుంది. అలా నత్రజని అందుతుంది. మేత నుంచి భాస్వరం కూడా వస్తుంది. పొటాష్, ఇనుము మాత్రం ఇంత పెద్ద మొక్కకు సరిపడా రావు. కొన్న కొత్తలో మొక్క తనలో దాచుకున్న దానితో నెట్టుకొస్తుంది కాబట్టి రెండు నెలలు ఏ తేడా తెలియదు. ఆ తర్వాతే ఆకులకు చిల్లులు మొదలవుతాయి.

అపోహ: లిక్విడ్ ఎరువు వారానికోసారి పోస్తే సరిపోతుంది.

నేను ఎక్కువగా వాదించాల్సి వచ్చేది దీని గురించే. స్వోర్డ్ ఆకులతోనూ కొంత తీసుకుంటుంది, కానీ దాని ప్రధానమైన నోరు దాని వేర్లే. రెండేళ్ల ట్యాంకు ఒకటి తీసేస్తూ స్వోర్డ్‌ను పైకి లాగితే గ్రావెల్ మొత్తం దాంతో పాటే లేచింది. తెల్లటి వేర్లు దారపు ఉండల్లా అల్లుకుని, ట్యాంకు అద్దం దాకా పోయి, అక్కడ దారి లేక అద్దం వెంట మలుపు తిరిగాయి. అంత దూరం వెతికినా ఆ ఉత్త గ్రావెల్‌లో దానికి దొరికింది ఏమీ లేదు. రాయి రాయే కదా, అందులో పోషకం ఉండదు. పైన నీళ్లలో మాత్రం యజమాని ప్రతి ఆదివారం తప్పకుండా లిక్విడ్ పోస్తూనే ఉన్నాడు. దాన్ని తిన్నది ఎక్కువగా పాచి.

స్వోర్డ్‌కు రూట్ ట్యాబ్, అంటే వేర్ల దగ్గర పాతిపెట్టే ఎరువు బిళ్ల కావాలి. మొక్క మొదలుకు మూడు నాలుగు అంగుళాల దూరంలో, చుట్టూ మూడు నాలుగు చోట్ల, పట్టకారుతో గ్రావెల్ అడుగు దాకా దించాలి. మొదలుకు ఆనించి పెట్టొద్దు. పైపైన పెడితే కరిగి నీళ్లలోకి వచ్చేస్తుంది. రెండు మూడు నెలలకోసారి కొత్తవి పెట్టాలి, ప్రతిసారీ చోటు కొంచెం మార్చాలి. ఇంకో మాట: ఆకులు పుట్టే మొదలు గ్రావెల్ పైకి కనిపించాలి. అది పూడిపోతే ఎంత ఎరువు పెట్టినా మొక్క కుళ్లుతుంది.

నేను ట్యాబ్‌లు సొంతంగా కూడా చేసుకుంటాను. పలమనేరు వైపు కుమ్మరులు వాడే బంకమట్టి తెచ్చి, రాళ్లు ఏరి, చపాతీ పిండిలా పిసికి, గోళీకాయంత ఉండ చేసి, మధ్యలో గుంట పెట్టి చిటికెడు పొటాష్, చిటికెడు చీలేటెడ్ ఐరన్ (త్వరగా తుప్పుగా మారకుండా వేరే పదార్థంతో పట్టి ఉంచిన ఇనుము) వేసి మూసేస్తాను. నీడన వారం ఆరాలి. ఎండలో పెడితే పగుళ్లు వచ్చి లోపలి ఎరువు ఒక్కసారే బయటపడుతుంది. బంకమట్టి పోషకాన్ని పట్టి ఉంచి మెల్లగా వదులుతుంది, వేరు దాన్ని వెతుక్కుంటూ వచ్చి ఉండ చుట్టూ అల్లుకుంటుంది. ఇవి పెట్టిన చోట మొక్కను మాటిమాటికీ పీకి మార్చకండి, అడుగున ఉన్నదంతా నీళ్లలో కలిసిపోతుంది.

అపోహ: ఆకు పసుపైతే ఐరన్ తక్కువైనట్టే.

మదనపల్లె వైపు టమాటా పండించే ఒక ఇంటికి ట్యాంకు పెట్టాను. ఆ ఇంటి పెద్దమ్మకు అక్వేరియం గురించి ఏమీ తెలియదు. అద్దం దగ్గరికి వచ్చి కాసేపు చూసి, "పాత ఆకు అంచు మాడితే మేము పొటాష్ అంటాం నాయనా, ఇదీ అంతే కదా?" అంది. అంతే. ఎన్నో ఏళ్లు పొలంలో ఆకు చూసిన కన్ను అది.

నత్రజని, భాస్వరం, పొటాష్, మెగ్నీషియం మొక్క లోపల కదులుతాయి. కొరత వస్తే మొక్క పాత ఆకుల్లోంచి వీటిని లాగి చిగురుకు ఇస్తుంది. అందుకే జబ్బు పాత ఆకులో కనిపిస్తుంది. బయటి ఆకు మొత్తంగా పసుపైతే ముందు నత్రజనిని అనుమానించాలి. గుండుసూది గుచ్చినట్టు చిన్న చిల్లులు పడి, వాటి చుట్టూ పసుపు వలయం వచ్చి, పెద్దవవుతుంటే పొటాష్. ఇనుము, కాల్షియం అలా కదలవు. వాటి కొరత చిగురులోనే తెలుస్తుంది. మధ్యలోంచి వచ్చే కొత్త ఆకు తెల్లబారి, ఈనెలు మాత్రం పచ్చగా నిలిస్తే అది ఐరన్. కొత్త ఆకు ముడుచుకుని వంకరగా వస్తే కాల్షియం వైపు చూడాలి.

మన దగ్గర ఐరన్‌కు ఇంకో చిక్కు ఉంది. నేను కొలిచిన బోరు నీళ్లలో పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం చెప్పే కొలత) చాలావరకు 7.5 పైనే. మార్కెట్‌లో తేలిగ్గా దొరికే చీలేటెడ్ ఐరన్ రకం ఈడీటీఏ. అది అంత పీహెచ్‌లో ఎక్కువసేపు నిలవదు, విడిపోయి తుప్పులా అడుగుకు చేరుతుంది. డీటీపీఏ రకం కాస్త మేలు. అందుకే ఐరన్‌ను నీళ్లలో పోయడం కంటే వేరు దగ్గర పెట్టడానికే మొగ్గు చూపుతాను. గ్రావెల్ అడుగున ఆక్సిజన్ తక్కువ కాబట్టి అక్కడ ఇనుము మొక్క తీసుకోగల రూపంలో ఉంటుంది.

అపోహ: పొలం ఎరువు అక్వేరియంకు పనికిరాదు. దీనికి ఎదురుగా ఇంకో అపోహ: ఏ పొలం ఎరువైనా ఎరువే.

రెండూ తప్పే. రెండోది చేపల్ని చంపుతుంది. పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక ఎరువుల దుకాణంలో ఎవరో చెప్పారని కాంప్లెక్స్ ఎరువు గుళికలు నాలుగు గ్రావెల్‌లో గుచ్చాను. మర్నాడు పొద్దున లైట్ వేసేసరికి టెట్రా చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. సగం నీళ్లు మార్చినా మధ్యాహ్నానికి తొమ్మిది పోయాయి. ఆ గుళికల్లో ఉన్నది అమ్మోనియా రూపంలోని నత్రజని. పీహెచ్ ఎక్కువైన కొద్దీ, నీళ్లు వేడెక్కిన కొద్దీ అమ్మోనియా విషం పెరుగుతుంది. మన బోరు నీళ్లు, మన మే నెల ఎండ, రెండూ దానికి తోడు. యూరియా, డీఏపీ ట్యాంకు నీళ్లలో వేయొద్దు, ఒక్క పలుకు కూడా.

డ్రిప్‌లో వదిలే నీళ్లలో కరిగే ఎరువులు వేరు. 13-0-45 అంటే పొటాషియం నైట్రేట్. చాలా ఖరీదైన అక్వేరియం బాటిళ్లలో ఉండే ముఖ్యమైన సరుకు కూడా ఇదే. 100 లీటర్లకు 1 గ్రాము వేస్తే నైట్రేట్ 6 పీపీఎం (లీటరుకు 6 మిల్లీగ్రాములు), పొటాషియం 4 పీపీఎం చొప్పున పెరుగుతాయి. చేపలు ఎక్కువగా ఉండి నైట్రేట్ ముందే 20 దాటితే దీని బదులు 0-0-50, అంటే సల్ఫేట్ ఆఫ్ పొటాష్, అదే 1 గ్రాము. తూకానికి చిన్న డిజిటల్ త్రాసు కొనుక్కోండి, చెంచా లెక్క వద్దు. నీళ్లు మార్చిన రోజు వారానికోసారి, ముందు మగ్గులో కరిగించి పోయాలి.

అపోహ: జీవామృతం, వర్మీకంపోస్ట్ సహజం కాబట్టి చేపలకు ఏమీ కాదు.

ప్రకృతి సేద్యం మీద నాకు ఎంతో గౌరవం ఉంది, మా ఇంటి కూరగాయల మడికి వాడేది జీవామృతమే. కానీ పొలంలో గాలి ఆడుతుంది. మూసుకున్న గ్రావెల్ కింద పచ్చి సేంద్రియం కుళ్లితే కోడిగుడ్డు కుళ్లిన వాసన వచ్చే వాయువు పుడుతుంది, వేర్లు నల్లబడతాయి. పైన అమ్మోనియా. వద్దు.

అపోహ: ఎరువు వేస్తే పాచి పడుతుంది.

మొక్క తినగలిగినంత వేస్తే పడదు. నేను చూసిన పాచి కేసుల్లో ఎక్కువ వాటికి కారణం లైటు. రాత్రి పడుకునేదాకా, పన్నెండు గంటలు వెలుగుతూ ఉంటుంది, పైగా కిటికీ ఎండ. లైటును టైమర్ పెట్టి 7 గంటలకు తగ్గించండి. ఆకలితో ఉన్న స్వోర్డ్ పాత ఆకు నుంచి సేంద్రియ పదార్థం కారుతుంది, నల్ల బ్రష్ పాచి ముందు పట్టేది ఆ ఆకునే. అలాంటి ఆకును మొదలు దాకా కత్తిరించి తీసేయాలి.

అపోహ: వాటర్ ప్లాంట్ నుంచి తెచ్చిన ఆర్ఓ క్యాన్ నీళ్లు మొక్కకు శ్రేష్ఠం.

ఆర్ఓ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం దాదాపు ఉండవు. పూర్తిగా వాటితోనే నింపితే స్వోర్డ్ చిగురు వంకర పోతుంది. బోరు నీళ్లు మరీ గట్టిగా, అంటే ఉప్పులు మరీ ఎక్కువగా ఉంటే సగం సగం కలపండి. వేసవిలో ఆవిరైన నీటిని నింపడానికి మాత్రం ఆర్ఓ మంచిది, ఎందుకంటే ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పులు ట్యాంకులోనే మిగిలిపోతాయి. ప్రతిసారీ బోరు నీళ్లే నింపితే గట్టిదనం పెరుగుతూ పోతుంది.

అపోహ: కొత్తగా నాటిన స్వోర్డ్ ఆకులు కరిగిపోతున్నాయంటే ఎరువు తక్కువైంది.

నర్సరీల్లో చాలావరకు దీన్ని వేర్లు మాత్రం తడిలో, ఆకులు గాలిలో ఉంచి పెంచుతారు. గాలిలో పుట్టిన ఆకు నీళ్లలో నిలవదు. రెండు మూడు వారాల్లో ఒక్కొక్కటే పోయి, మధ్యలోంచి పొడుగ్గా, పలుచగా నీటి ఆకు వస్తుంది. ఈలోగా టెన్షన్ పడి నాలుగు బాటిళ్లు పోయకండి. కరిగిన ఆకులు తీసేస్తూ, వేర్లు కదపకుండా ఉంచండి. మొదటి నీటి ఆకు వేలెడు పొడవు వచ్చిన రోజు మొదటి రూట్ ట్యాబ్ దించండి.