ఉగాండా నుంచి వచ్చిన జ్వరం

కార్తీకం వానలు పట్టాయంటే తిరుపతిలో ఏ జ్వరం వచ్చినా డెంగీ అనేస్తారు. ఉగాండాలో బోరుబండి పనికి వెళ్లి పుత్తూరుకు తిరిగొచ్చిన మా బంధువులబ్బాయికి పన్నెండో రోజున చలిజ్వరం పట్టుకుంటే అందరం అదే అనుకున్నాం. ప్లేట్‌లెట్లు పడిపోయాయి, సెలైన్ ఎక్కించారు. మలేరియాలోనూ ప్లేట్‌లెట్లు పడిపోతాయి. మూడు రోజులు గడిచాక ఒక నర్సమ్మ "ఏ ఊరి నుంచి వచ్చినావు నాయనా?" అని అడిగింది. అప్పుడు గానీ రక్తపుచుక్క స్లయిడు మీదికి ఎక్కలేదు. ఫాల్సిపారం, మలేరియాల్లోకెల్లా ప్రమాదకరమైన రకం! కేసుషీటులో మొదట రాయాల్సింది ఆ ప్రశ్నే అని నా గట్టి నమ్మకం.

ఆర్టెమెథర్, లుమెఫాంట్రిన్ కలిసిన మాత్రలు మూడు రోజులు వేశారు. జ్వరం దిగింది, కానీ స్లయిడులో క్రిములు ఇంకా కనబడ్డాయి. అంతమాత్రాన మందుకు లొంగని రకమని తేల్చలేం, అనుమానించక తప్పదు.

ఆర్టెమెథర్ ఆర్టెమిసినిన్ జాతి మందు. చైనాలో ఒక మొక్క నుంచి ఆర్టెమిసినిన్‌ను వెలికితీసినందుకు శాస్త్రవేత్త తూ యూయూకు 2015లో నోబెల్ వచ్చింది. మలేరియా క్రిమి ఎర్రరక్తకణంలో దూరి హిమోగ్లోబిన్‌ను తింటుంది. అది అరిగేటప్పుడు బయటపడే ఇనుము తగిలితేనే ఈ మందుకు విషగుణం వస్తుంది. తిన్న తిండే క్రిమికి యమపాశమన్నమాట. కెల్చ్13 అనే జన్యువులో మార్పు వచ్చిన క్రిమి ఉంగరంలా ఉండే లేతదశలో తిండి తగ్గించేస్తుంది. ఇనుము చాలక మందు మేలుకోదు. ఈ జాతి మందులు రక్తంలో కొద్ది గంటలే ఉంటాయి. ఆ కాసేపు పస్తుండి క్రిమి గండం గట్టెక్కుతుంది.

అలా మిగిలినవాటిని చంపడానికే లుమెఫాంట్రిన్‌ను తోడిస్తారు. అది రోజుల తరబడి రక్తంలో ఉంటుంది. తోడుమందు కూడా ఓడితేనే అసలు ప్రమాదం. కంబోడియాలో పిపెరాక్విన్ అనే తోడుమందు విషయంలో అదే జరిగింది. రువాండా, ఉగాండాల్లోని కెల్చ్13 మార్పులు ఆసియా నుంచి పోయినవి కావు, అక్కడే పుట్టాయి.

అలాంటి క్రిమి ఇక్కడికొస్తే పాకడానికి దోమలు కావాలి, అందుకే నా భయమల్లా మన మేడల మీది మూతలేని ట్యాంకుల గురించి. పట్టణాల్లో మలేరియా మోసే అనాఫిలిస్ స్టీఫెన్సై దోమ ఎక్కువగా మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది. ఇదివరకూ ఇలాగే అయింది: పాత మలేరియా మందు క్లోరోక్విన్‌కు లొంగని ఫాల్సిపారం 1973లో అసోంలో బయటపడింది, తర్వాత దేశమంతా పాకింది.

అయిదో రోజు స్లయిడులో క్రిములు కనబడలేదు. ఇరవై ఎనిమిదో రోజున మళ్లీ రక్తం ఇచ్చిపొమ్మన్నారు. వాళ్లమ్మ ఆ తేదీని క్యాలెండరులో పాలలెక్క పక్కనే రాసిపెట్టుకుంది.