విశాఖ, భీమిలి, అరకు: బండెక్కేవాళ్ల అపోహలు, డ్రైవర్ చెప్పే వాస్తవాలు

విశాఖలో పదహారేళ్లుగా టూరిస్టు కారు నడుపుతున్నాను. ఎక్కినవాళ్లు ఫోన్‌లో మ్యాప్ చూపించి "ఇంతే కదా దూరం" అన్నారంటే, ఆ రోజు సగం చోట్లు చీకట్లో చూడాల్సిందేనని నాకు అర్థమైపోతుంది. ఈ చుట్టుపక్కల ఏ చోటు బాగా కనబడాలన్నా, అక్కడికి ఏ వేళకి చేరామన్నదే ముఖ్యం. రోజూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: సాయంత్రం బీచ్‌కి వెళ్తే సూర్యుడు సముద్రంలో మునగడం చూడొచ్చు.

కొత్తగా పెళ్లయిన ఒక జంట ఇందుకోసమే నాలుగింటి నుంచి ఆరున్నర దాకా ఆర్కే బీచ్‌లో కూర్చున్నారు. సూర్యుడేమో వాళ్ల వీపు వెనక దిగిపోయాడు. మన సముద్రం తూర్పున ఉంది. పొద్దు అందులోంచి పొడుస్తుంది, ఊరి వెనక కొండల్లోకి కుంకుతుంది. గోవాలో చూసింది ఇక్కడ దొరకదు. సూర్యోదయం చూడాలంటే చీకటితోనే బయల్దేరండి. తెల్లవారుజామున ఆర్కే బీచ్ రోడ్డులో వాకింగ్ చేసేవాళ్ల కోసం బండ్లు ఆపేస్తారు, అందుకని నేను రుషికొండ దాటించి మంగమారిపేట వైపు తీసుకెళ్తాను. అక్కడ మత్స్యకారుల పడవలు కూడా కనబడతాయి. లేదు, సాయంత్రమే కావాలంటారా? పౌర్ణమి రోజు చూసుకుని రండి. ఇటు పొద్దు వాలుతుంటే అటు నీళ్లలోంచి చందమామ రాగి పళ్లెంలా పైకొస్తాడు. ఇన్నేళ్లయినా నేనూ బండి ఆపి చూస్తాను.

అపోహ: భీమిలి దారిలో ఉన్న ఎర్రమట్టి దిబ్బలంటే మట్టి కుప్పలే, ఫొటో దిగి ఐదు నిమిషాల్లో వచ్చేయొచ్చు.

పేరులో మట్టి ఉన్నా అది ఇసుక. పూర్వం సముద్రం వెనక్కి తగ్గినప్పుడు గాలి ఎగరేసి పోసిన ఇసుక, వేల ఏళ్లలో ఇనుము తుప్పు పట్టినట్టు ఎర్రబడింది. వాన నీళ్లు దాన్ని కోసి వాగులు చేశాయి. ఇలాంటి దిబ్బలు మన దేశంలో తమిళనాడు తీరంలో ఉన్నాయి, ఆపైన శ్రీలంకలో ఉన్నాయి. 2014లో మన ఎర్రమట్టి దిబ్బల్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. అంచుల మీదికి ఎక్కితే ఇసుక జారిపోతుంది, మీరూ జారతారు. కింద వాగుల్లో నడవండి, ఉదయం ఎండలోనే ఆ రంగు తెలుస్తుంది.

ఇంకొంచెం ముందుకెళ్తే భీమిలి. డచ్చివాళ్ల సమాధులు చూసి వెనక్కి తిరిగేస్తారు చాలామంది. గోస్తనీ నది సముద్రంలో కలిసేది అక్కడే. బొర్రా గుహల్లో మీరు చూసేదీ ఆ గోస్తనే. నిన్న కొండల్లో చూసిన నీళ్లని ఈ రోజు సముద్రం దగ్గర చూపిస్తే పిల్లలు భలే సంబరపడతారు.

అపోహ: అరకు 115 కిలోమీటర్లే, రెండున్నర గంటల్లో చేరిపోవచ్చు.

ఎస్.కోట (శృంగవరపుకోట) దాటాక ఘాట్ రోడ్డు మొదలవుతుంది. అక్కడి నుంచి మ్యాప్ చెప్పే టైమ్ నమ్మకండి. ఎక్కడా ఆగకపోయినా మూడు గంటల పైనే. బొర్రా, గాలికొండ వ్యూ పాయింట్, సుంకరమెట్ట కాఫీ తోటలు అన్నీ కలిపితే మధ్యాహ్న భోజనానికి కూడా అరకు చేరరు. ఒక్క రోజులోనే అయిపోవాలంటే నా సలహా ఇది: ఉదయం రైల్లో వెళ్లండి, కారు ముందే పైకి వచ్చి ఉంటుంది, చూసుకుంటూ రోడ్డు మీద దిగండి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం కోసం 1960ల్లో వేసిన లైను అది. ఆ సొరంగాలు, లోయలు కారులోంచి కనబడవు. కిరాయి ఎలాగూ రెండువైపులా తీసుకుంటాను కాబట్టి ఇందులో నా స్వార్థం లేదు లెండి!

అపోహ: ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో పెడితే పెట్రోలు మిగులుతుంది.

సొంత కారులో వచ్చేవాళ్లు ఇది తప్పక చదవాలి. ఇప్పటి ఇంజెక్షన్ బండ్లలో గేర్‌లో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజిన్‌కి ఇంధనం ఆగిపోతుంది, చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి. న్యూట్రల్‌లో పెడితేనే ఇంజిన్ ఐడిలింగ్‌కి పెట్రోలు తాగుతుంది. పైగా బండిని పట్టుకునేది బ్రేకులొక్కటే అవుతుంది. పది మలుపులు తిరిగేసరికి అవి కాలి వాసన వస్తుంది, పెడల్ తొక్కినా పట్టదు. అలా పొగలొస్తున్న కారుని అనంతగిరి దిగువన ఒకసారి చూశాను, లోపల ఇద్దరు చిన్నపిల్లలున్నారు. రాయి అడ్డం పెట్టి, అరగంట చల్లారనిచ్చి పంపించాం. ఇంజిన్ ఆపేస్తే ఇంకా ఘోరం, పవర్ స్టీరింగ్ పోతుంది, బ్రేకు బండలా గట్టిపడుతుంది. ఏ గేర్‌లో ఎక్కారో ఆ గేర్‌లోనే దిగండి. ఎదురుగా ఎక్కే బండికి దారివ్వండి, మలుపు ముందు హారన్ కొట్టండి.

వాంతులవుతాయని పిల్లల్ని ఖాళీ కడుపుతో తెస్తారు కొందరు, అది మరీ తిప్పుతుంది. రెండు ఇడ్లీలు పెట్టి, ఫోన్ చేతిలోంచి తీసేసి, ముందు రోడ్డు కనబడేలా కూర్చోబెట్టండి.

అపోహ: లంబసింగిలో మంచు కురుస్తుంది.

డిసెంబరు వస్తే చాలు, "స్నో పడుతోందా అన్నా?" అని ఫోన్లు. కురవదు. మీరు వీడియోల్లో చూసేది పొగమంచు. బాగా చలి పడిన రోజున గడ్డి మీద, బండి అద్దం మీద మంచు పేరుకోవచ్చు, అంతే. చలి మాత్రం నిజం. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది, బయట పడుకుంటే కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతారని ఆ పేరట. ఎండ ఎక్కాక వెళ్తే అదీ ఉండదు, కాబట్టి ముందు రాత్రే నర్సీపట్నంలోనో చింతపల్లిలోనో దిగండి. పాడేరు దగ్గర వంజంగి కొండ మీంచి చూసే మేఘాలకీ ఇదే లెక్క. కారు కింద వదిలి చీకట్లో నడిచి ఎక్కాలి. పొగమంచులో హై బీమ్ వేయకండి. తెల్లగోడ లేచినట్టు వెలుగంతా మీ కళ్లలోకే తిరిగొస్తుంది. లో బీమ్, మెల్లగా, అంతే.

అపోహ: వానాకాలం వస్తే డబ్బు దండగ.

ఆగస్టు, సెప్టెంబరుల్లో అరకు లోయంత పచ్చగా ఇంకెప్పుడూ ఉండదు, కటికి జలపాతం నిండుగా దూకుతుంది. నేను భయపడేది అక్టోబరు, నవంబరు తుపాన్లకి. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చింది. ఆ నెలల్లో వాతావరణ హెచ్చరిక చూడకుండా అడ్వాన్స్ కట్టకండి.

ఇంకో మాట, ఆర్కే బీచ్‌లోని కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం సోమవారం తెరవరు. ఆదివారం రాత్రి ఫోన్ చేసి "రేపు ముందు అదే చూద్దాం" అనేవాళ్లు నెలకి నలుగురైనా ఉంటారు.