మెరీనాలో తెల్లవారుజామున గాలి ఎటు వీస్తుంది?

నెల్లూరు నుంచి వచ్చి చెన్నై వేళచ్చేరిలో ఉంటున్న ఒక పాఠకురాలు ఇలా అడిగారు: "జనవరిలో హాఫ్ మారథాన్‌కి పేరిచ్చాను. పరుగు చాలావరకు బీచ్ పక్కనే కాబట్టి పొల్యూషన్ గొడవ ఉండదని ఫ్రెండ్స్ అంటున్నారు. సముద్రపు గాలి ఊపిరితిత్తులకు మందని మా తాతయ్య కూడా అంటారు. నిజమేనా?"

తాతయ్యగారి మాట మధ్యాహ్నం రెండింటికి చాలావరకు నిజం. జనవరిలో తెల్లవారుజామున ఐదింటికి మాత్రం మెరీనా మీద తరచుగా వీచేది రాత్రంతా ఊళ్లో మగ్గిన గాలి.

భూపవనాలు, సముద్రపవనాలు అందరం బళ్లో చదువుకున్నవే. పగలు బాణం ఇటు, రాత్రి బాణం అటు గీస్తే రెండు మార్కులు. ఆ బాణాల్లో ఉన్నది మనం పీల్చే గాలేనని ఏ మాస్టారూ చెప్పిన పాపాన పోలేదు. తెరచాపల కాలంలో జాలర్లకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. తెల్లవారకముందే నేల మీంచి వీచే గాలితో సముద్రంలోకి వెళ్లి, పొద్దెక్కాక ఎదురు మళ్లిన గాలితో ఒడ్డుకు వచ్చేవారు. అనుమానం ఉంటే ఈసారి ప్రాక్టీసుకు వెళ్లినప్పుడు నీళ్లకు దూరంగా పిడికెడు పొడి ఇసుక తీసి, నడుము ఎత్తు నుంచి మెల్లగా వదిలి చూడండి. బరువు రేణువులు తిన్నగా కాళ్ల దగ్గరే పడతాయి. సన్నటి దుమ్ము మాత్రం కాస్త పక్కకు జరిగి అలల వైపు పోతుంది. మధ్యాహ్నం సముద్రం వైపు తిరిగి నిలబడి అదే పని చేస్తే దుమ్ము మీ బట్టల మీదికే వస్తుంది.

గాలి ఎటు పోతుందన్నది సగం కథే. ఎంత ఇరుకులోంచి పోతుందన్నది మిగతా సగం. నాకు ఇష్టమైన సగం అదే. పీఎం 2.5 అంటే ఊపిరితిత్తుల్లోకి దూరే సన్నటి ధూళి అని ఢిల్లీ వార్తల పుణ్యమా అని అందరికీ తెలిసిపోయింది కాబట్టి ఆ ఓనమాలు వదిలేసి నేరుగా అక్కడికే వస్తాను.

పూజ గదిలో సాంబ్రాణి వేశారనుకోండి. పొగ ఎంత చిక్కగా ఉంటుందన్నది మూడింటి మీద ఆధారపడుతుంది: ఎంత సాంబ్రాణి వేశారు, కిటికీలోంచి గాలి ఎంత ఆడుతోంది, గది పైకప్పు ఎంత ఎత్తు. నగరం కూడా అలాంటి గదే. బండ్లు, జనరేటర్లు, ఫ్యాక్టరీలు, చెత్త మంటలు సాంబ్రాణి. వీచే గాలి కిటికీ. తేడా అల్లా పైకప్పు దగ్గరే: ఈ గది పైకప్పు రోజూ కిందికి దిగుతుంది, మళ్లీ పైకి లేస్తుంది.

పగలు ఎండకు నేల వేడెక్కుతుంది. నేలను ఆనుకున్న గాలి కూడా వేడెక్కి పైకి లేస్తుంది. అలా లేచే పొడి గాలి ప్రతి కిలోమీటరుకూ సుమారు 10 డిగ్రీలు చల్లబడుతుంది. అయినా చుట్టుపక్కల గాలి తనకన్నా చల్లగా ఉన్నంతసేపు ఆగదు. దానితోపాటు పొగా పైకి పోయి, ఊరి లోపలి ప్రాంతాల్లో 1000 మీటర్ల దాకా, ఒక్కోసారి అంతకు మించి కలిసిపోతుంది. రాత్రి వ్యవహారం తిరగబడుతుంది. నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేసి గాలికన్నా ముందే చల్లబడుతుంది. కింద చల్లగాలి, దాని మీద వెచ్చటి గాలి. ఇప్పుడు కింది గాలి పైకి లేవబోతే చుట్టూ తనకన్నా వెచ్చటి, తేలికైన గాలి ఉంటుంది. తనది బరువెక్కువ కాబట్టి మళ్లీ కిందికే దిగుతుంది. దీన్నే ఇన్వర్షన్ అంటారు. మన గది పైకప్పు ఇదే. మబ్బు లేని, గాలి ఆడని జనవరి రాత్రుల్లో ఈ కప్పు 200 మీటర్ల లోపుకు దిగడం మామూలే.

లెక్క చూడండి. మధ్యాహ్నం 1000 మీటర్ల కప్పు కింద ఘనపు మీటరుకు 20 మైక్రోగ్రాములుగా తేలే పొగ, 200 మీటర్ల కప్పు కింద 100 అవుతుంది. ఒక్క బండి కూడా పెరగక్కర్లేదు. తెల్లవారుజామున కిటికీ కూడా సగం మూసే ఉంటుంది. గాలి వేగం సగమైతే ఆ 100 కాస్తా 200. మనకు కలిసొచ్చేదల్లా నాలుగింటికి సాంబ్రాణి తక్కువ పడడం. ఆరు దాటగానే స్కూల్ వ్యాన్లు, ఆఫీసు బస్సులు, నీళ్ల ట్యాంకర్లు రోడ్డెక్కుతాయి. కప్పు మాత్రం అప్పుడే లేవదు, ఎండ నేలను బాగా కాచేదాకా అలాగే ఉంటుంది. అందుకే చలికాలంలో సాధారణంగా నాలుగు గంటల కన్నా ఆరున్నర నుంచి తొమ్మిది దాకా ఉండే సమయమే చెడ్డది.

ఈ గదిలో మెరీనా ఎక్కడుంది? సరిగ్గా గుమ్మంలో. రాత్రి సముద్రం నేలంతగా చల్లబడదు. జనవరిలో బంగాళాఖాతం నీళ్లు 26, 27 డిగ్రీల దగ్గర ఉంటే, ఊరు తెల్లవారేసరికి 21కి దిగుతుంది. బరువైన చల్లగాలి వెచ్చటి సముద్రం వైపు మెల్లగా జారుతుంది. గదిలోని పొగంతా బయటికి పోయే గుమ్మంలో నిలబడి, చల్లగా ఉంది కదా అని గుండెల నిండా పీలుస్తున్నామన్నమాట. పోయిన పొగ పోయినట్టు ఉండదు కూడా. సముద్రం మీద కాసేపు తచ్చాడి, పొద్దెక్కాక సముద్రపవనం లేచినప్పుడు అందులో కొంత మళ్లీ ఇంట్లోకే వస్తుంది.

ఆ సముద్రపవనం కింద పైకప్పు ఇంకో వేషం వేస్తుంది: ఏటవాలుగా మారుతుంది. నీళ్ల మీంచి చల్లగా వచ్చిన గాలి నేలను తాకాకే కింది నుంచి వేడెక్కడం మొదలుపెడుతుంది. అందుకని పొగ కలిసే పొర ఎత్తు తీరం నుంచి ఉన్న దూరానికి వర్గమూలం లెక్కన పెరుగుతుంది. దూరాన్ని మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 2 నుంచి 5 మధ్య ఒక అంకెతో గుణిస్తే పొర ఎత్తు ఉజ్జాయింపుగా వస్తుంది. తీరానికి 400 మీటర్ల దూరంలో 40 నుంచి 100 మీటర్లు, 10 కిలోమీటర్లు లోపలికి వెళ్తే 200 నుంచి 500 మీటర్లు. చెన్నైకి ఉత్తరాన, ఎన్నూరు వైపు తీరంలో ఉన్నవి బొగ్గు విద్యుత్ కేంద్రాలు. పొగలోని సల్ఫర్‌ను వడగట్టే ఏర్పాటు లేని 500 మెగావాట్ల యూనిట్‌కు 275 మీటర్ల పొగగొట్టం ఉండాలని మన దేశంలో నిబంధన. అంత ఎత్తులో వదిలిన పొగ తీరం దగ్గర ఈ ఏటవాలు కప్పుకు పైనే ఉండిపోతుంది, కింద ఉన్నవాళ్లకు తెలియదు. గాలితో లోపలికి పోయి కప్పును తాకిన చోట ఒక్కసారిగా కిందికి కలుస్తుంది. గొట్టం పక్కన ఉన్నవాళ్లను వదిలేసి కిలోమీటర్ల అవతల వాళ్లకు దగ్గు తెప్పించగలదు!

అన్ని రోజులూ ఇలాగే ఉంటాయని కాదు. ఈశాన్య రుతుపవనం గట్టిగా వీచే రోజుల్లో తెల్లవారుజామున కూడా గాలి సముద్రం నుంచే వస్తుంది, శుభ్రంగా ఉంటుంది.

సందర్భం వచ్చింది కాబట్టి ఓజోన్ సంగతి కూడా చెప్పేస్తాను. ధనుర్మాసంలో తెల్లవారుజామున లేచి ముగ్గు వేస్తే ఓజోన్ దండిగా అందుతుందనీ, అందుకే పెద్దలు ఆ ఆచారం పెట్టారనీ ఓ మెసేజ్ వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. ముగ్గు ముగ్గుగానే బాగుంటుంది, దానికి ఓజోన్ సర్టిఫికెట్ దేనికి? నేల దగ్గర ఓజోన్ పుట్టాలంటే ఎండ కావాలి. బండ్ల పొగలోని నైట్రోజన్ డయాక్సైడ్‌ను సూర్యకాంతి విడగొడితే ఒక ఆక్సిజన్ పరమాణువు బయటపడి, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఓజోన్ అవుతుంది. రాత్రిపూట మిగిలిన కాస్త ఓజోన్‌ను బండ్ల నుంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ తినేస్తుంది. కాబట్టి ఊళ్లో ఓజోన్ అతి తక్కువగా ఉండేది తెల్లవారే వేళకే. అది మన అదృష్టం, ఎందుకంటే నేల దగ్గర ఓజోన్ శ్వాసనాళాలను మండించి, నిండుగా ఊపిరి తీసుకోనివ్వదు. లాస్ ఏంజిలిస్ దగ్గర శాన్ మరీనో హైస్కూల్ క్రాస్ కంట్రీ జట్టు ఫలితాలను 1959 నుంచి 1964 వరకు పరిశోధకులు పరిశీలించారు. పోటీకి గంట ముందు గాలిలో ఓజోన్ లాంటి ఆక్సిడెంట్లు ఎంత ఎక్కువుంటే, తమ పాత టైమింగ్‌ను దాటలేకపోయిన పిల్లలు అంత ఎక్కువమంది.

ఇక పరిగెత్తేవాళ్ల ఊపిరి. పరుగుకు కిలోమీటరుకు, ఒంటి బరువులో ప్రతి కిలోకు, సుమారు 1 కిలో క్యాలరీ ఖర్చు. 60 కిలోల మనిషికి ఫుల్ మారథాన్, అంటే 42 కిలోమీటర్లకు, సుమారు 2500 కిలో క్యాలరీలు (మీ హాఫ్‌కు అన్నీ ఇందులో సగం). ఒక లీటరు ఆక్సిజన్ 5 కిలో క్యాలరీలిస్తుంది కాబట్టి 500 లీటర్ల ఆక్సిజన్ కావాలి. లీటరు ఆక్సిజన్ ఒంటికి పట్టాలంటే సుమారు 25 లీటర్ల గాలి పీల్చాలి. మొత్తం 12,500 లీటర్లు. ఊరికే కూర్చున్న మనిషి రోజంతా పీల్చేది 10, 11 వేల లీటర్లు. ఒక రోజు గాలిని కొన్ని గంటల్లో లాగేస్తున్నాం. ఈ లెక్కలో వేగం ఎక్కడా రాలేదు, గమనించారా? రెండుంపావు గంటల్లో ముగించే చాంపియనూ, ఐదు గంటలు పట్టే మనలాంటి వాళ్లూ పీల్చే గాలి ఇంచుమించు ఒకటే. ఉబ్బసం ఉన్న ఇథియోపియా పరుగు వీరుడు హైలె గెబ్రెసెలాసీ 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో గాలికి భయపడి మారథాన్ మానేసి 10,000 మీటర్లు పరిగెత్తాడు. పై లెక్క ప్రకారం పీల్చే గాలి నాలుగో వంతుకు పడిపోయింది. ఆ సెప్టెంబర్‌లోనే బెర్లిన్‌లో 2 గంటల 3 నిమిషాల 59 సెకన్లలో మారథాన్ ముగించి ప్రపంచ రికార్డు పెట్టాడు.

నిమిషానికి 35, 40 లీటర్లు దాటితే ముక్కు చాలక నోరు తెరుస్తాం. ముక్కులోని వడపోత పక్కకు పోతుంది. పీల్చిన అతి సూక్ష్మ రేణువుల్లో, ఊరికే కూర్చున్నప్పుడైతే మూడింట రెండొంతులు ఊపిరితిత్తుల్లో నిలిచిపోతే, వ్యాయామంలో 80 శాతం పైగా నిలిచిపోతాయి. మాస్కు పెట్టుకుని పరిగెత్తవచ్చు కదా అంటారేమో. చెన్నై చెమటకు అది పావుగంటలో తడిసి ముక్కుకు అతుక్కుంటుంది.

మరి కప్పు లేచాక, మధ్యాహ్నం పరుగు పెడితే? వద్దే వద్దు. 2024 అక్టోబర్ 6న ఇదే మెరీనాలో వైమానిక ప్రదర్శన చూడడానికి ఎండలో నిలబడ్డ జనంలోనే ఐదుగురు ప్రాణాలు పోయాయి. ఎండ పొగకన్నా తొందరగా చంపుతుంది. చీకటితో మొదలుపెట్టే నిర్వాహకులు చేస్తున్నది సరైన పనే. నా అభ్యంతరం వరుసతో. వేగంగా పరిగెత్తేవాళ్లు ముందు బయలుదేరి ట్రాఫిక్ లేకముందే ముగించేస్తారు. నిదానంగా వచ్చేవాళ్ల చివరి కిలోమీటర్లు, నోరు బార్లా తెరిచి రొప్పే కిలోమీటర్లు, సరిగ్గా ఆ చెడ్డ సమయంలో పడతాయి. నిదానస్తుల్ని ఓ గంట ముందు వదిలితే ఎవరికీ నష్టం లేదు. తేదీ కూడా చూసుకోవాలి. భోగి పొద్దున పాత చాపలు, టైర్లు తగలబెట్టే అలవాటు మన తెలుగువాళ్లకూ ఉంది, తమిళులకూ ఉంది. 2018లో ఆ పొగ మంచుతో కలిసి చెన్నై విమానాశ్రయంలో విమానాలు ఆగిపోయేంత పని చేసింది. ఆ ఒక్కరోజు ప్రాక్టీసు మానేయండి.

మీ వేళచ్చేరిలోనే గాలిని నిరంతరం కొలిచే కేంద్రం ఉంది. ఆలందూర్, పెరుంగుడి, రాయపురం, మనలిలోనూ ఉన్నాయి. అయితే ఫోన్‌లో ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) అంకె చూసి బయలుదేరకండి. పీఎం 2.5 విషయంలో మన దేశపు ఏక్యూఐ 24 గంటల సగటు మీద కడతారు. మధ్యాహ్నం 25 మైక్రోగ్రాములు, పొద్దున ఏడింటికి 110 ఉన్న రోజు కూడా సగటున 50 తేలి "సంతృప్తికరం" అని ఆకుపచ్చగా కనిపించగలదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైట్‌లో గంట గంటకూ విడిగా అంకెలు దొరుకుతాయి. కొన్ని వారాలపాటు ఐదింటిదీ ఏడింటిదీ పక్కపక్కన రాసుకోండి. పరుగుకు ఎన్నింటికి లేవాలో అలారం పెట్టుకునే ముందే తేలిపోతుంది.