కుందేలు నాలుగో కాలు

“అంతంత చదువుకున్న మగవాళ్లు కూడా భూమి వేడెక్కడం ఒట్టి అబద్ధమని వాదిస్తారెందుకు? సైన్సు అర్థం కాకనా?” అని ఒక పాఠకురాలు అడిగారు. అర్థం కాకపోవడమే కారణమైతే నాలుగు పాఠాలు చెప్పి సరిపెట్టేయొచ్చు. కానీ సంగతి అది కాదు.

ఆరన్ మెక్‌క్రైట్, రైలీ డన్‌లప్ అనే సామాజిక శాస్త్రవేత్తలు అమెరికాలో 2001 నుంచి 2010 వరకు గాలప్ అనే సంస్థ జరిపిన ప్రజాభిప్రాయ సర్వేలను జల్లెడ పట్టారు. భూతాపం ప్రభావాలు ఎప్పటికీ రావు అన్నవాళ్లు కన్జర్వేటివ్ (సంప్రదాయవాద) తెల్లజాతి మగవాళ్లలో 29.6 శాతం, మిగతా పెద్దవాళ్లందరిలో 7.4 శాతం. అసలు అంకె ఆ తర్వాత ఉంది. “దీని గురించి నాకు బాగా తెలుసు” అన్న కన్జర్వేటివ్ తెల్లజాతి మగవాళ్లను విడిగా లెక్కేస్తే అది 48.4కి ఎగబాకింది! తెలుసన్న ధీమా ఉన్నచోటే కాదనడం ఎక్కువైంది.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనేవాడికి లెక్క రాక కాదు. నాలుగో కాలు ఒప్పుకున్న రోజున తనవాళ్ల మధ్య తలెత్తుకోలేడు, అదీ భయం. పైగా లెక్కల్లో దిట్ట అయినకొద్దీ మూడు కాళ్లకు గట్టి రుజువులు పుట్టించగలడు. అందుకే పాఠం ఎంత బాగా చెప్పినా ఒక్కోసారి పని చేయదు. బుర్రను ఖాళీ కుండ అనుకుని సమాచారం పోసే మన బోధన పద్ధతి మీద నాకున్న కోపం కూడా అదే.

మరి ఈ కుందేలు ఎక్కడిది? ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో మగాడంటే గనిలోనో, చమురు బావి దగ్గరో, ఫ్యాక్టరీలోనో ఒళ్లొంచి ఇంటిల్లిపాదినీ పోషించేవాడు, పెద్ద బండి నడిపేవాడు. కారా డాగెట్ అనే పరిశోధకురాలు 2018లో దీనికి ‘పెట్రో మగతనం’ అని పేరు పెట్టారు. చమురు వాడకం తగ్గించాలని శాస్త్రవేత్త అంటే, ‘నువ్విక మగాడివి కావు’ అన్నట్టు వినిపిస్తుంది. ఆ భయాన్ని ఓట్లుగా మార్చుకునే నాయకులకు అక్కడ కొదవ లేదు. 2016లో అచ్చయిన ఒక ప్రయోగంలో కొందరు మగవాళ్లకు గులాబీ రంగు పూల బొమ్మల గిఫ్ట్ కార్డు చూపించి, దాంతో వస్తువులు ఎంచుకోమన్నారు. మామూలు కార్డు చూసినవాళ్లకంటే వీళ్లు పర్యావరణానికి మేలు చేసే వస్తువులను ఎక్కువగా వదిలేశారు. మగతనం మీద బెంగ పుట్టించడానికి ఒక్క కార్డు రంగు చాలింది!

ఇక ‘రోలింగ్ కోల్’. పికప్ ట్రక్కుల డీజిల్ ఇంజన్లను మార్చి, హైబ్రిడ్ కార్ల మీదికి, సైకిళ్ల మీదికి కావాలని నల్లటి పొగ వదలడం. డీజిల్ ఇంజన్‌లో ముందు గాలిని మాత్రమే గట్టిగా నొక్కుతారు. అది కాగిపోయాక ఇంధనాన్ని చిమ్ముతారు. ఉన్న గాలికి మించి ఇంధనం చిమ్మితే తుంపర మధ్యభాగానికి ఆక్సిజన్ అందదు. ఆ వేడికి హైడ్రోకార్బన్ గొలుసులు తెగి, కార్బన్ రేణువులు ముద్దకట్టి మసి అవుతాయి. దాన్ని పట్టుకోవాల్సిన ఫిల్టర్‌ను కోసి పారేస్తారు. పూర్తిగా మండిన కార్బన్ కంటికి కనబడని వాయువుగా పోతుంది. నల్లగా కనబడేదంతా శక్తిగా మారకుండా పోయిన ఇంధనమే. బలమని చూపిస్తున్నది బలం కాలేకపోయిన భాగాన్ని! న్యూజెర్సీ 2015లో దీన్ని నిషేధించింది.

నాలుగో కాలు లెక్కపెట్టినవాళ్లూ ఉన్నారు. కన్జర్వేటివ్‌ల పార్టీ అయిన రిపబ్లికన్ పార్టీ తరఫున సౌత్ కరోలినా నుంచి అమెరికా కాంగ్రెస్ సభ్యుడైన బాబ్ ఇంగ్లిస్ ఒకప్పుడు భూతాపాన్ని కొట్టిపారేసేవాడు. 2004లో మొదటిసారి ఓటు వేయబోతున్న కొడుకు, ‘నీకే వేస్తాను, కానీ పర్యావరణం విషయంలో నువ్వు మారాలి’ అన్నాడు. తర్వాత అంటార్కిటికా వెళ్లి, మంచు పొరల్లో చిక్కిన పాతకాలపు గాలి ఏం చెబుతుందో తెలుసుకున్నాడు. 2009లో కార్బన్ మీద పన్ను వేసి, జీతాల మీద పన్ను తగ్గించాలని బిల్లు పెట్టాడు. 2010లో పార్టీ అభ్యర్థిని ఎంచుకునే పోటీలో సొంత పార్టీ ఓటర్లే అతన్ని ఓడించారు. ఆ తర్వాత కూడా అతను పార్టీ మారలేదు. ఆ కన్జర్వేటివ్‌ల మధ్యే తిరుగుతూ, వాళ్ల మాటల్లోనే ఈ సంగతి చెబుతూ వచ్చాడు.