లేబుల్ లేని ఫొటోల చదువు

2014 సెప్టెంబర్ 23న అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీ ప్రొఫెసర్లు ఇద్దరు పందెం కాసుకున్నారు. ఒకరు జితేంద్ర మాలిక్, మథురలో పుట్టి ఐఐటీ కాన్పూర్‌లో చదివినాయన. రెండోవారు అలెక్సీ ఎఫ్రోస్, మాలిక్ దగ్గరే పీహెచ్‌డీ చేసిన శిష్యుడు. ఫొటోలో ఏ వస్తువు ఎక్కడుందో కంప్యూటర్ చేత పట్టించడంలో అప్పట్లో ఆర్‌సీఎన్‌ఎన్ అనే పద్ధతికి మంచి పేరు. అది ముందుగా మనుషులు పేర్లు, అంటే లేబుళ్లు, రాసిపెట్టిన ఇమేజ్‌నెట్ ఫొటోల మీద తర్ఫీదు పొందేది. ఆ పేర్ల సాయం లేకుండానే దానికి సాటివచ్చే పద్ధతి ఏడాదిలోగా పుడుతుందని ఎఫ్రోస్ ధీమా. పుట్టదని మాలిక్ మాట. పుడితే గురువు శిష్యుడికి రెండు స్కూపుల జెలాటో కొనివ్వాలి, ఒకటి చాక్లెట్, ఒకటి వెనిలా. గడువు దాటింది, గురువే నెగ్గారు.

ఈ పందెం వెనక ఉన్న బెంగ చిన్నది కాదు. ఫెయ్-ఫెయ్ లీ బృందం 2009లో బయటపెట్టిన ఇమేజ్‌నెట్ పెరిగి పెరిగి కోటీ నలభై లక్షల ఫొటోలకు చేరింది. ఏ ఫొటోలో ఏముందో తేల్చింది 167 దేశాలకు చెందిన దాదాపు 49 వేల మంది. అమెజాన్ మెకానికల్ టర్క్ అనే ఆన్‌లైన్ చిల్లర పనుల సైటులో ఫొటోకింత అని చిల్లర డబ్బులకు పనిచేసినవాళ్లు. 2012లో టొరంటో యూనివర్సిటీ వాళ్ల అలెక్స్‌నెట్ అనే ప్రోగ్రాం అదే ఫొటోల పోటీలో తప్పులను 15.3 శాతానికి దించేసింది. రెండో స్థానం వాళ్లవి 26.2 శాతం. ఆ రోజు నుంచి ఫొటోలను గుర్తుపట్టే పని ఏదైనా సరే, ముందు ఇమేజ్‌నెట్ మీద నేర్పించి ఆ తర్వాతే సొంత పనికి దించడం రివాజైంది. ఈ రంగమంతా నిలబడింది ఆ 49 వేల మంది కళ్ల మీద. ఆ మాట ఎప్పుడూ మరుగున పడిపోతుంది కాబట్టి ముందే చెప్తున్నాను.

పిల్లినో సైకిల్‌నో గుర్తుపట్టడానికి ఎవరైనా సరిపోతారు. షుగర్ వల్ల దెబ్బతిన్న రెటీనాను గుర్తుపట్టాలంటే కంటి డాక్టరే కావాలి. 2016లో గూగుల్ పరిశోధకులు ఆ పని కోసం అమెరికాలోని రోగులవీ, మదురై అరవింద్ సహా మూడు భారతీయ ఆసుపత్రులవీ కలిపి 1,28,175 ఫొటోలు తీసుకున్నారు. 54 మంది డాక్టర్లు కూర్చుని ఒక్కో ఫొటోను మూడు నుంచి ఏడుసార్లు చూసి గ్రేడు వేయాల్సి వచ్చింది. ప్రతి జబ్బుకూ ఇంతమంది డాక్టర్లను, ఇన్ని గంటలు ఎక్కడినుంచి తెస్తాం?

ఫొటోలోంచే ప్రశ్న, ఫొటోలోంచే జవాబు తీస్తే? సెల్ఫ్ సూపర్‌వైజ్డ్ లెర్నింగ్ అంటే ఇంతే. 2015లో కార్ల్ డోర్ష్, అభినవ్ గుప్తా, ఎఫ్రోస్ ఒక పొడుపుకథ లాంటిది తయారుచేశారు. ఫొటోలోంచి ఒక ముక్క కోసి, దాని చుట్టూ ఉన్న ఎనిమిది ముక్కల్లో ఒకటి చూపించి, ఇది ఎటువైపుదో చెప్పమంటారు. చెవి ముక్క ముఖం ముక్కకు ఎటు ఉంటుందో చెప్పాలంటే పిల్లి ఎలా ఉంటుందో కొంతైనా తెలియాలి కదా అని వాళ్ల ఆలోచన.

మోడల్, అంటే ఇలా నేర్చుకునే ప్రోగ్రాం, దొంగదారి వెతుక్కుంది. ముక్కల అంచుల్లో గీతలు కలుస్తున్నాయేమో చూసి చెప్పేయకుండా మధ్యలో ఖాళీ వదిలారు, ముక్కలను అటూ ఇటూ జరిపారు. అయినా ఏదో తేడా. ఏ ముక్కలను మోడల్ ఒకేలాంటివి అనుకుంటోందో తీసి చూస్తే, కొన్నిసార్లు వాటిలో ఉన్న వస్తువులకు పోలికే లేదు. ఫొటోలో ఒకే చోటి నుంచి వచ్చినవి, అంతే. కారణం కెమెరా లెన్సు. లెన్సు అన్ని రంగులనూ ఒకే చోట కలపలేదు. అంచులకు పోయేకొద్దీ ఆకుపచ్చ మిగతా రంగుల నుంచి వెంట్రుకవాసి పక్కకు జరుగుతుంది. మన కంటికి ఆనని ఆ జరుగుబాటును బట్టి మోడల్ ముక్క చోటు చెప్పేస్తోంది, పిల్లి సంగతి దానికి పట్టనే లేదు. చివరికి మూడు రంగుల్లో రెండింటిని తీసేసి ఆ దారి మూశారు. ఈ రంగం చరిత్రలో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే. తర్వాత జరిగిందంతా ఇలాంటి దొంగదారులు ఒక్కొక్కటీ మూసుకుంటూ పోవడమే అనిపిస్తుంది.

ముక్కలు కలిపి అతికించడం, నలుపు తెలుపు ఫొటోకు రంగులు వేయడం, తిప్పిన ఫొటో ఎన్ని డిగ్రీలు తిరిగిందో చెప్పడం అంటూ 2018 దాకా చాలా పొడుపుకథలు వచ్చాయి. ఏదీ లేబుళ్లకు సాటి రాలేదు.

మలుపు పాత ఆలోచన నుంచే వచ్చింది. ఒకే వస్తువును రెండు రకాలుగా చూపిస్తే రెండు జవాబులూ కలవాలన్న సంగతి 1992లోనే బెకర్, హింటన్ రాశారు. 2019 నవంబర్‌లో ఫేస్‌బుక్ బృందం మోకో అనే పద్ధతితో, 2020 ఫిబ్రవరిలో గూగుల్ బృందం సిమ్‌క్లర్ అనే పద్ధతితో దాన్నే పెద్ద ఎత్తున చేశాయి. ఒకే ఫొటోను రెండు రకాలుగా కత్తిరించి, ఆ రెండిటినీ దగ్గరికి లాగు, మిగతా ఫొటోలను దూరం నెట్టు. ఇక్కడా దొంగదారి ఉంది. ఒకే ఫొటో ముక్కల్లో రంగుల పాళ్లు దాదాపు ఒకటే కాబట్టి మోడల్ రంగు చూసి జతపెట్టేస్తుంది. అందుకే సిమ్‌క్లర్‌లో రంగులను గట్టిగా చెదరగొట్టారు. వస్తువులను పట్టుకునే పనిలో మోకో చాలా పరీక్షల్లో ఇమేజ్‌నెట్ లేబుళ్ల తర్ఫీదును దాటేసింది. నాలుగేళ్లు ఆలస్యమైనా ఎఫ్రోస్ అన్నది జరిగింది. సిమ్‌క్లర్ ఇమేజ్‌నెట్ ఫొటోల్లో 76.5 శాతం సరిగ్గా గుర్తుపట్టి, లేబుళ్లతో నేర్చిన రెస్‌నెట్-50 అనే మామూలు నెట్‌వర్క్‌ను అందుకుంది కానీ, దానికి నాలుగింతల వెడల్పున్న నెట్‌వర్క్ కావాల్సి వచ్చింది. ఒక్కో విడతకు 4,096 ఫొటోలు పట్టే యంత్రాలు ఎన్ని కాలేజీల్లో ఉంటాయి?

దూరం నెట్టే ఫొటోలు లేకపోతే అన్నిటికీ ఒకే జవాబిచ్చి మోడల్ తప్పించుకుంటుందని అందరూ నమ్మారు. 2020లోనే డీప్‌మైండ్ వాళ్ల బయోల్ అనే పద్ధతి అవి లేకుండానే నేర్చుకుని చూపించింది. 2021లో డైనో అనే మోడల్ వచ్చింది. పేరు ఒక్కటీ చెప్పకపోయినా దాని చూపు ఫొటోలోని పక్షి చుట్టూ, కుక్క చుట్టూ గీత గీసినట్టు నిలిచింది. అదే ఏడాది కైమింగ్ హె బృందం ఫొటోలో 75 శాతం మూసేసి మిగతాది ఊహించమంది. వాక్యాల్లో 15 శాతం మాటలు మూసినా కష్టమే. ఫొటోలో మాత్రం తక్కువ మూస్తే పక్క చుక్కలు చూసి పూడ్చేస్తుంది, అది మరో దొంగదారి.

2023లో లండన్ మూర్‌ఫీల్డ్స్ కంటి ఆసుపత్రి బృందం ఇలా మూసి ఊహించమనే పద్ధతితోనే 16 లక్షల రెటీనా చిత్రాల మీద రెట్‌ఫౌండ్ అనే మోడల్‌ను తయారుచేసింది. ఆ చదువుకు గ్రేడులు అక్కర్లేదు, తర్వాత ఒక్కో జబ్బుకూ కొద్దిపాటి లేబుళ్లు చాలు. మొదటి బెంగకు నేను చూసిన గట్టి జవాబు ఇది.

అలాగని మనిషి చెయ్యి తప్పుకోలేదు. ఇమేజ్‌నెట్ లేబుళ్లు దాచిపెట్టి నేర్పినా, ఆ ఫొటోలు ఏరినవే, చాలావాటిలో వస్తువు నట్టనడుమే ఉంటుంది. కోఠి బజారులో తీసిన ఫొటోను రెండుగా కోస్తే ఒక ముక్కలో ఆటో, ఇంకో ముక్కలో జామకాయల బండి. ఆ రెండూ ఒకటేనని నేర్పితే ఏం నేర్చుకుంటుంది? 2023లో వచ్చిన డైనో కొత్త రూపం డైనోవీ2కి 120 కోట్ల ఫొటోల్లోంచి 14 కోట్ల 20 లక్షలు ఏరారు, మంచి నమూనాలకు దగ్గరగా ఉన్నవాటిని చూసి. ఆ నమూనాల్లో ఇమేజ్‌నెట్ కూడా ఉంది. ఒకప్పుడు 49 వేల మంది ఒక్కొక్కటిగా చూసి తేల్చిన ఆ ఫొటోలే.