గర్భధారణ మధుమేహంలో ఆహారం: అపోహలు - వాస్తవాలు

పోషకాహార నిపుణురాలిగా నా దగ్గరకు వచ్చే గర్భిణుల్లో చాలామంది, మధుమేహం ఉందని రిపోర్టు చేతికి అందిన రోజు నుంచే సగం తిండి తగ్గించేసి ఉంటారు. ఏం తినాలని అడగడానికి ముందే ఏమేం మానేశారో వరుసగా చెబుతారు. ఆ జాబితా వెనుక సాధారణంగా కనిపించే అపోహలు ఇవి.

అపోహ: తీపి ఎక్కువగా తిన్నందువల్లే ఇది వచ్చింది.

గర్భం పెరిగేకొద్దీ మాయ నుంచి వెలువడే హార్మోన్లు తల్లి శరీరంలో ఇన్సులిన్ ప్రభావాన్ని తగ్గిస్తాయి. ఆ లోటును పూడ్చేంత అదనపు ఇన్సులిన్‌ను క్లోమం తయారు చేయలేకపోయినప్పుడే రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఈ మార్పు గర్భం రెండో సగంలో బలపడుతుంది కనుకనే పరీక్షను సాధారణంగా 24-28 వారాల మధ్య చేస్తారు. అధిక బరువు, వయసు, కుటుంబంలో మధుమేహం ఉండటం వంటివి ముప్పును పెంచుతాయి. అంతేగాని, గత నెలలో తిన్న మిఠాయిని తలచుకుని కుమిలిపోవలసిన పని లేదు.

అపోహ: పిండి పదార్థాలను పూర్తిగా మానేయాలి.

అన్నింటికంటే ఎక్కువ ఇబ్బంది తెచ్చేది ఇదే. గర్భిణికి రోజుకు కనీసం 175 గ్రాముల పిండి పదార్థాలు అవసరమన్నది విస్తృతంగా పాటించే సిఫారసు. ఇది ఆహారంలోని పిండి పదార్థం బరువే గాని, వండిన ఆహారం బరువు కాదు. మరీ తగ్గిస్తే శరీరం కొవ్వును కరిగించుకోవడం వల్ల రక్తంలో కీటోన్లు అనే ఆమ్ల పదార్థాలు పెరుగుతాయి, పైగా ఆకలి తట్టుకోలేక తర్వాతి పూట మోతాదు మించి తినడంతో చక్కెర కొలిచే మీటరులో అంకె ఒక్కసారిగా ఎగబాకుతుంది. అందుకే మొత్తాన్ని మూడు భోజనాలకూ, మధ్యలో రెండు మూడు చిన్న ఆహారాలకూ పంచి, ప్రతిసారీ పప్పుదినుసులు, గుడ్డు, పెరుగు వంటి మాంసకృత్తులను, పీచు ఉన్న కూరగాయలను జోడించమంటాను. ఇన్సులిన్ నిరోధకత, అంటే ఇన్సులిన్ ప్రభావం తగ్గడం, ఉదయం పూట ఎక్కువగా ఉంటుంది కాబట్టి, సాయంత్రం ఇబ్బంది పెట్టని ఆహారమే ఉదయం చక్కెరను పెంచవచ్చు. అలాంటప్పుడు ఆ పదార్థాన్ని నిషేధించనక్కరలేదు, అల్పాహారంలో దాని పరిమాణం తగ్గిస్తే చాలు.

అపోహ: చక్కెరకు బదులు తేనె, మామూలు ధాన్యానికి బదులు ముడి ధాన్యం వాడితే ఎంతైనా తినవచ్చు.

తేనె కూడా చక్కెరే. ముడి ధాన్యంలో పీచు ఎక్కువ ఉండటం మేలే గాని, పరిమాణం రెట్టింపైతే ఆ మేలు మిగలదు.

అపోహ: పండ్లు ముట్టుకోకూడదు.

పండును పండుగా, ఒకసారికి ఒక చిన్న పండు చొప్పున తినవచ్చు. రసం తీస్తే రెండు మూడు పండ్ల చక్కెర ఒకేసారి గ్లాసులోకి చేరుతుంది, పీచేమో పిప్పిలో పోతుంది.

అపోహ: ఇన్సులిన్ రాశారంటే నేను పథ్యం సరిగా చేయలేదన్నమాట.

రక్తంలో చక్కెర డెసిలీటరుకు పరగడుపున 95, తిన్న గంటకు 140, రెండు గంటలకు 120 మిల్లీగ్రాముల లోపు ఉండాలన్నది సాధారణ లక్ష్యం. ఎక్కువమందికి ఆహారం, నడక సరిపోతాయి. అయితే పరగడుపు అంకె రాత్రంతా కాలేయం విడుదల చేసే గ్లూకోజ్‌పై ఎక్కువగా ఆధారపడుతుంది కనుక, రాత్రి భోజనం మానేసినంత మాత్రాన అది దిగిరాదు. తల్లి రక్తంలోని గ్లూకోజ్ మాయను దాటి బిడ్డను చేరుతుంది. చికిత్సకు ఇచ్చే ఇన్సులిన్ చెప్పుకోదగినంతగా దాటదు. అయినా అంకె ఎక్కువ వచ్చిన రోజున, చక్కెర అంకెలు రాసుకునే పుస్తకంలో గడి ఖాళీగా వదిలేసే వారుంటారు, నిజానికి నాకు అన్నిటికంటే పనికొచ్చేది ఆ గడిలో ఉండవలసిన అంకే. ఇన్సులిన్ తీసుకునే వారు భోజనం దాటవేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.

అపోహ: కాన్పుతో అంతా ముగిసిపోతుంది.

చాలామందిలో చక్కెర త్వరగానే మామూలు స్థాయికి వస్తుంది, కాని తర్వాతి కాలంలో టైప్ 2 మధుమేహం వచ్చే ముప్పు మిగిలే ఉంటుంది. కాన్పయిన 4-12 వారాల మధ్య 75 గ్రాముల గ్లూకోజ్‌తో మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. అది మామూలుగా వచ్చినా ఆపైన ఒకటి నుంచి మూడేళ్లకోసారి చూపించుకుంటూ ఉండాలి. చంటిబిడ్డ పనుల్లో పడి చాలామంది మరచిపోయే పరీక్ష ఇది, కాబట్టి ఆ తేదీని కాన్పుకు ముందే రాసి పెట్టుకోమంటాను.